ఏప్రాన్ లోపల సున్నా

కోవిడ్ వార్డులు మూసేసిన ఏడాది జూన్‌లో నన్ను సోలాపూర్‌లోని ఒక ఎముకల ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్‌కు సీనియర్ రేడియోగ్రాఫర్‌గా వేశారు. నేను చదివింది రెండేళ్ల డిప్లొమా. రేడియేషన్ లెక్కలు మాత్రం పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. కిందటేడు యాభై రెండేళ్లకే ఉద్యోగం వదిలేదాకా అక్కడే పనిచేశాను.

థియేటర్‌లో నేను నడిపే యంత్రం సి-ఆర్మ్. వంగిన చట్రానికి ఒక చివర ఎక్స్‌రే ట్యూబు, రెండో చివర బొమ్మను అందుకునే భాగం ఉంటాయి. సర్జన్ విరిగిన ఎముకలో కడ్డీ దించుతుంటే అది తెర మీద కదిలే బొమ్మ చూపిస్తుంది. కిరణాలు రోగి ఒంటికి తగిలి చుట్టూ చెదురుతాయి. గదిలో ఉన్నవాళ్లకు తగిలేవి ఎక్కువగా అవే. అందుకని సీసపు ఏప్రాన్ వేసుకుని, దాని లోపల ఛాతీ దగ్గర బ్యాడ్జి పెట్టుకుంటాం. మూడు నెలలకోసారి బ్యాడ్జీలు ల్యాబుకు వెళ్తాయి, ఎవరికి ఎంత తగిలిందో రిపోర్టు వస్తుంది.

రోగి కాలు లాగి పట్టుకునే పని కాంట్రాక్టు అటెండెంటు నర్సయ్యది. నీలం నగర్‌లో మా వెనక వీధి, నాకన్నా నాలుగేళ్లు పెద్ద కాబట్టి నర్సన్న అని పిలిచేవాణ్ని. కుంఠా నాకాలో ఇరవై ఏళ్లు సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, నడిపి వచ్చాడు. తెగిన పోగు కోసం పడుగు మీదికి వంగే అలవాటు పోలేదు. కాలు పట్టుకున్నా తల అలాగే ముందుకు వంచేవాడు. సీసపు కళ్లద్దాలు రెండు జతలే ఉండేవి, అవి డాక్టర్లకు సరిపోయేవి. తనకేమన్నా అవుతుందా అని ఒకసారి అడిగాడు. నీ రిపోర్టు సున్నా, భయం లేదని చెప్పింది నేనే.

మూడో ఏడు ఒక ఆపరేషన్‌లో తొమ్మిదో నంబరు కడ్డీ అడిగితే నర్సన్న ఎనిమిదో నంబరు తెచ్చాడు. నర్సు ప్యాకెట్ విప్పకముందే చూసింది. సాంచా మీద కూడా ఒక రంగు బదులు ఇంకో రంగు నూలు ఎక్కించేవాడివా అని సర్జన్ మరాఠీలో ఎగతాళి చేశాడు. అదే ప్యాకెట్‌ను నర్సన్న బయట వరండాలో తడుముకోకుండా చదివాడు. పెద్ద దీపం కిందే చదవలేకపోయాడు. అడిగితే మొదట మాట దాటేశాడు.

"దీపం కింద అంత పొగ లెక్క అయితది తమ్మీ. మోతీబిందు అన్నడు కండ్ల డాక్టర్, కంట్ల పొర వచ్చిందట. ఎవ్వరికి చెప్పకు. చెప్తే మళ్ళ సాంచాల మీదికి పంపుతరు. ఈ కండ్లతోని ఆడ ఒక్క పోగన్న దొరుకుతదా?"

ఆ రాత్రి లెక్క మళ్లీ చూసుకున్నాను. లోపలి బ్యాడ్జి కొలిచేది సీసం దాటి వచ్చినదాన్ని. కంటికి ముందు సీసం లేదు. పైగా పక్క నుంచి బొమ్మ తీసేటప్పుడు ట్యూబు ఉన్న వైపే చెదరడం ఎక్కువ. కేబుళ్లు కాళ్లకు అడ్డం రాకుండా ఆయన్ని ఆ వైపు నిలబెట్టిందీ నేనే.

మర్నాడే ఆయన్ని అవతలి వైపుకు మార్చాను. పాత చోట ఒక సెలైన్ స్టాండ్ నిలబెట్టి, దానికి పాత ఏప్రాన్ తొడిగాను. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ అనుమతితో ఏప్రాన్ లోపల ఒక బ్యాడ్జి, కంటి ఎత్తులో బయట ఇంకొకటి కట్టాను. థియేటర్ అంతా నవ్వింది.

"గీ కొత్త అటెండర్ నాకంటే నయమున్నడు," అన్నాడు నర్సన్న. "తల వంచడు, చాయ్ అడగడు."

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. లోపలిది మళ్లీ సున్నా. పైది సున్నా కాదు.

చెప్పడానికి నర్సన్న ఒప్పుకున్నాకే కాగితం సూపరింటెండెంట్ ముందు పెట్టాను. నర్సన్నకున్న షుగరు వల్ల కావచ్చని సర్జన్ అన్నాడు. కంటి డాక్టర్ కూడా కారణం ఒక్కటే అని తేల్చలేదు. పొర కటకం వెనక భాగంలో ఉంది, రేడియేషన్‌తో అక్కడ రావడం ఉందని మాత్రం రాశాడు. నేనూ అంతకు మించి అనలేదు. మనిషిని మార్చేస్తే సరిపోతుంది కదా అన్నాడు కాంట్రాక్టు చూసే అధికారి.

"ఇంకొకర్ని అదే చోట నిలబెడితే కొలత మారదు సార్. మారాల్సింది చోటు."

నర్సన్నకు ఒక కంటికి ఆపరేషన్ అయింది, నెల తిరక్కుండా డ్యూటీకి వచ్చాడు. కాలు పట్టడానికి ఫ్రేమ్ వచ్చింది, కళ్లద్దాలు ఇంకో మూడు జతలు వచ్చాయి. రెండో కంటికి ఏటా పరీక్ష పెట్టించాను.

కొలత ఎంత సరైనదైనా, అది తీసిన చోటు గురించే చెబుతుంది. ఆ తర్వాత సి-ఆర్మ్ పెడల్ నొక్కే ముందు, గదిలో ఎవరి తల ఎక్కడుందో చూడకుండా నేను ఒక్క బొమ్మా తీయలేదు.