ఫ్యాక్టరీ గేటు ముందు ప్రార్థన

మా మనవరాలు నందిగామ పాలిటెక్నిక్‌లో చదువుతోంది. ఇకనుంచి వారంలో సగం రోజులు ఫోన్లో పాఠాలట, మిగతా సగం జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్పట. పగలు అక్కడ చేసిన పనిని సాయంత్రం ఫోన్లోనే మేడం గారికి చూపించి, పాఠంలో అదెక్కడుందో చెప్పించుకోవాలట. మా రోజుల్లో పాఠం నందిగామలో ఉండిపోయేది, పని జగ్గయ్యపేటలో ఉండేది, ఆ రెంటికీ పొత్తు కుదిర్చే నాథుడే లేడు. నిన్న అది మొదటిసారి ఫ్యాక్టరీకి బయలుదేరుతుంటే నా మొదటి రోజు గుర్తొచ్చి, ఈ వయసులోనూ సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

కూలికి వెళ్ళే మా ఇళ్ళలో డిప్లొమా దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కాలేజీ వాళ్ళు ఫ్యాక్టరీకి ట్రైనింగుకు పంపుతున్నారంటే అమ్మ దాన్ని ఉద్యోగమనే అనుకుని ఊరంతా చెప్పుకుంది, నేనూ గట్టిగా కాదనలేకపోయాను. మా వీరులపాడు వైపు ఇల్లు కట్టినా, బర్రెను కొన్నా పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేయాల్సిందే, ఇక ఉద్యోగానికి వద్దంటే ఎవరు వింటారు? తెల్లవారేసరికి అమ్మ, పాస్టరు గారు, తెల్లచీరల్లో సంఘం ఆడవాళ్ళు, కంజీరతో మా బాబాయి, అందరూ ట్రాక్టరెక్కి చిల్లకల్లు మీదుగా నా వెంట వచ్చేశారు.

గేటుకు అడ్డంగా నిలబడి పాటందుకున్నారు, ఆపైన ఉద్యోగమిచ్చినందుకు దేవుడికి స్తోత్రాలు చెబుతూ ప్రార్థన. వెనక లారీలు వరుసకట్టి హారన్లు కొడుతున్నాయి, నాలాగే ట్రైనింగుకు వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు గోడవైపు తిరిగి నవ్వుకుంటున్నారు, ఇంత గొడవ చేసినందుకు నన్ను వెనక్కి పంపేస్తే డిప్లొమా చేతికి రాదని నాకు ఒకటే భయం. తలెత్తలేక కళ్ళు మూసుకున్నాను. మావాళ్ళు అది భక్తి అనుకున్నారు.

లోపల్నుంచి వచ్చిన ఫోర్‌మన్ గారు ఆమెన్ దాకా ఆగి, అమ్మతో మెల్లగానే అన్నారు.

"ఇది ఉద్యోగం కాదమ్మా, పని నేర్చుకోడానికి పంపారు. జీతం గీతం ఏమీ ఉండదు."

అందరి ముందూ నిజం బయటపడేసరికి నా ప్రాణం చచ్చిపోయింది. అమ్మ మాత్రం నా వంకైనా చూడకుండా కొంగు తలమీద సర్దుకుంది.

"నేర్చుకునేదానికైతే ఇంకాస్త గట్టిగా చెయ్యాలండి ప్రార్థన."

ఆయన నవ్వి నన్ను లోపలికి రమ్మన్నారు. నేను మావాళ్ళకు వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా గబగబా నడిచాను.

నిన్న మనవరాలి కోసం బస్సు ఇంటి ముందుకే వచ్చింది. దాని తలమీద చెయ్యిపెట్టి రెండు మాటలు ప్రార్థిద్దామని వాకిట్లోకి వెళ్ళినవాణ్ణి, కిటికీల్లోంచి దాని స్నేహితులు చూస్తున్నారని ఆ చేతిని జేబులో పెట్టుకున్నాను. పాఠానికీ పనికీ పొత్తు కుదిరిన కాలం వచ్చింది, సంతోషమే. కానీ ఆనాడు ట్రాక్టరు దిగినవాళ్ళలో ఒక్కరికీ లేని సిగ్గు నాకెక్కడిదా అని రాత్రంతా ఆలోచించాను. చదువుతోపాటే వచ్చి ఉంటుంది. పని నేర్చుకున్నాను గానీ, ఆ సిగ్గును వదిలించుకోవడం ఇప్పటికీ నేర్చుకోలేదు.