మ్యూజియంలో పెళ్ళిపాట

చిలీ దేశపు శాంతియాగోలో బట్టల కొట్టు తెరిచేముందు నయీఫ్ తాత రోజూ ఊద్ వాద్యం తీగలు బిగించి, బడికెళ్ళే పిల్లల కోసం కనుబొమలెగరేస్తూ పాలస్తీనాలోని తన సొంతూరు బేత్ జాలా పెళ్ళిపాట ఒకటి వాయిస్తాడు. యుద్ధంలో గాయపడిన పిల్లల వైద్యానికి మ్యూజియంలో కచేరీ పెట్టిన రోజున కూడా అదే అందుకున్నాడు. ముందు వరుసలో కూర్చోబెట్టిన గాజా పాప రిమాస్‌కు కుడిచెయ్యి లేదు. తాత కనుబొమలు చూసి పకపకా నవ్వింది, ఎడమచేత్తో తొడమీద తాళం కూడా వేసింది.

కచేరీ పెట్టిన ఒర్తెన్సియా గబగబా వచ్చి చెవిలో, "ఏంటి తాతా, ఇక్కడేమైనా పెళ్ళవుతోందా? నవ్వే పిల్లను చూసి చందా ఎవరిస్తారు?" అంది.

"అది నవ్వి ఎన్నాళ్ళయిందో అమ్మా."

"ఆసుపత్రిలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. వాళ్ళకీ ఈ మాటే చెప్పు."

తాత వేదిక దిగి, పాప ముందు మోకాళ్ళమీద కూర్చుని, నుదుటిమీది జుట్టు సవరించాడు.

"బంగారూ, తాతకో సాయం చేస్తావా? చందాలు పోగయ్యేదాకా నవ్వకమ్మా."