సిస్టర్ చెప్పిన ఇగ్బో పెళ్ళి

ఈ ఉదయం పెరట్లో ఆరబోసిన కాఫీ గింజల మీద కోడి నడుస్తోంది. అమ్మ తోలలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని నన్నే చూస్తోంది. మా కాన్వెంటు సిస్టర్ తెల్లవారుజామున పోయారట.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పుస్తకం తీస్తాను, మూస్తాను. అందుకే ఇది రాస్తున్నాను.

మాకు ఇంగ్లీషు చెప్పిన ఆ సిస్టర్ అంతకుముందు చాలా ఏళ్ళు నైజీరియాలో, ఇగ్బో తెగవాళ్ళ ఊళ్ళో పనిచేశారు. చాక్‌పీసు గోరంత మిగిలేదాకా వాడేవారు. పాఠం తొందరగా అయిపోతే అక్కడి పెళ్ళిళ్ళ గురించి చెప్పేవారు. తండ్రి కూతురి చేతికి కల్లు గ్లాసు ఇస్తాడు. కుర్రాళ్ళందరూ చేతులు చాపి పిలుస్తుంటే, ఆమె జనంలో తిరిగి తనకు కావలసినవాణ్ణి వెతుక్కుంటుంది. మోకరిల్లి, తనొక గుక్క తాగి, అతనికిస్తుంది. అతను తాగితేనే పెళ్ళి.

"మోకరిల్లడమెందుకు సిస్టర్?" అని ఒకమ్మాయి అడిగింది.

"నాకూ నచ్చలేదమ్మా. కానీ ఎవరి ముందో ఆ పిల్లే తేల్చుకుంటుంది."

ఒకరోజు క్లాసులో ఆ పెళ్ళి ఆడించారు. నిమ్మరసం గ్లాసు నా చేతికిచ్చారు. మిగతా అమ్మాయిలందరూ కుర్రాళ్ళై చేతులు చాపారు. "ఇటియ్యే గుంటా!" "ఆడికియ్యకు, ఆడు పళ్ళు తోమడు!" ఒకటే గోల. నేను కదల్లేదు. గంట కొట్టేదాకా అలాగే నిలబడ్డాను. అందరూ నవ్వారు, సిస్టర్ తప్ప. అందుకు నాకిప్పటికీ కృతజ్ఞతే.

"సిగ్గుపడు, తప్పులేదు. నడవడం మాత్రం ఆపకు" అన్నారు.

మా కొండల్లో పిల్లనడగడానికి వచ్చేవాళ్ళూ కల్లే తెస్తారు, జీలుగు చెట్టు కల్లు. మా ఇళ్ళల్లో పిల్ల తండ్రి తాగితే సంబంధం ఖాయం. పిల్ల లోపలే ఉంటుంది. నన్నడగడానికి ఆదివారం కురుపాం వైపునుంచి వస్తున్నారు. వారం రోజులుగా నాన్నని ఒక మాట అడగాలనుకుంటున్నాను. పొద్దున సిస్టర్‌ని ఆఖరుసారి చూడటానికి నేనూ నాన్నా బయల్దేరుతున్నప్పుడు, నాన్న చెప్పులు తొడుక్కుంటుండగా అడిగేశాను.

"కల్లు ముందు నా చేతికియ్యి నాన్నా. ఇవ్వాలనుకుంటే అబ్బాయికి నేనే ఇస్తాను. నేనివ్వకపోతే నువ్వు తాగకు."

"ఏటే? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ."

"ఏ పుస్తకంలో సదివేవు?"

"సిస్టర్ చెప్పారు."

నాన్న రెండో చెప్పు తొడుక్కుని గుమ్మం దాటాడు. "సర్లే, నీకే ఇత్తాను. ఒలక్కుండా పట్టుకో" అన్నాడు.

ఆ అబ్బాయిని సంతలో రెండుసార్లు చూశాను. నాకు నచ్చాడు. ఆ సంగతి సిస్టర్‌కి చెప్పనే లేదు.