ప్లైవుడ్ గోడకు అవతలి కథ

కిందటి వారం ఒక మధ్యాహ్నం మా కోడలు భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని తన బడి కోసం పాఠం రాసుకుంటుంటే, ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నేను ఊరుకోలేక తొంగిచూశాను. మొదటి పది నిమిషాలు టీచరే కథ పైకి చదివి వినిపించాలట, తర్వాత ఐదు నిమిషాలు ఆ కథలోంచే ఏదో ఒక్క సంగతి పట్టుకుని చిన్న పాఠం చెప్పాలట, మిగిలిన సమయమంతా పిల్లలు ఎవరికి నచ్చింది వాళ్ళు చదువుకోవాలట. ఏదో శిక్షణలో కొత్తగా నేర్పారట. "మీ రోజుల్లో ఇలాంటివి ఉండేవా అత్తయ్యా?" అని అడిగింది. చేతిలోని కాయ మీద నుంచి చూపు ఎత్తకుండా, ఉండకేం, మా బడిలో ఎప్పుడో చేశాం అన్నాను. ఆ 'చేశాం'లో ఎంత అబద్ధముందో మీవంటి నా ఈడువాళ్ళకు చెప్పుకోకపోతే నాకు తిన్నది అరిగేలా లేదు. చేసింది పక్క గది టీచరమ్మ. నేను చేసిందల్లా ఆమెను చూసి ఏడవడం.

మావారి రైల్వే ఉద్యోగం పుణ్యమా అని సూరత్ వచ్చిన కొత్తలో, ఖటోదరాలో మగ్గాల సందుల వెనక ఉన్న తెలుగు బడిలో రెండో తరగతి టీచరుగా చేరాను. పిల్లలందరూ మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ కుటుంబాలవాళ్ళు. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగారేమో, పక్కనున్నవాడితో గుసగుసలాడినా వీధి చివరికి వినిపించేది. నేను ఆ గొంతులనే నమ్ముకున్నాను. బల్ల మీద బెత్తంతో కొడుతూ గుణింతాలూ పాఠాలూ అందరిచేతా ఒక్కసారిగా పలికిస్తుంటే, బయట మగ్గాల దెబ్బలో మా వరస చక్కగా కలిసిపోయేది. వారానికొకసారి మగ్గాలకు కరెంటు సెలవు. ఆ రోజు మాత్రం నా పిల్లలు రెండో వాక్యానికే తడబడి దిక్కులు చూసేవారు. దెబ్బ ఆగితే వీళ్ళ పాఠం ఎందుకు ఆగుతోందని ఒక్కసారి నన్ను నేను అడిగి ఉంటే బాగుండేది, కానీ అడిగితే జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని అడగలేదు.

రెండో తరగతిలో సగంమంది నా దగ్గర, సగంమంది ఆ టీచరమ్మ దగ్గర, మధ్యలో మనిషెత్తు ప్లైవుడ్ గోడ. ఆవిడ మగ్గం పనివారి ఇంటి బిడ్డ, సూరత్‌లోనే పుట్టి పెరిగింది. నాకు శిక్షణలో ఫస్టు క్లాసు, పైగా మాది కృష్ణ ఒడ్డు తెలుగని లోపల్లోపల కాస్త గర్వం. ఆవిడకేముంది, అట్ట ఊడిపోయిన ఒక కథల పుస్తకం. రోజూ మొదటి గంటలో పిల్లల మధ్య చాపమీద చతికిలబడి, పట్టుమని పది నిమిషాలు ఆ పుస్తకం చదివేది. సరిగ్గా ఇంకొక్క ముక్క వింటే బాగుండుననిపించే చోట టక్కున మూసేసేది. ఆ తర్వాత కథలోంచి ఒక్క మాట బోర్డు మీద రాసి, అందులోని వత్తు ఎలా పలుకుతుందో రెండు ముక్కల్లో చెప్పి వదిలేసేది. ఇక పిల్లలు మూలమూలలా కూర్చుని, తలా ఒక పేజీ కూడబలుక్కునేవారు. చూడ్డానికి సంతలా ఉండేది. నా గది సైన్యంలా ఉండేది.

మగ్గాలు ఆగిన రోజున ఆవిడ గొంతు ఇవతలికి స్పష్టంగా వినిపించేది. అప్పుడు నడుస్తున్నది ఒక ముసలవ్వ కథ. అవ్వ పాడిమేక తప్పిపోతుంది, అవ్వ ఊరూరా వెతుక్కుంటూ పోతుంది, ఏ ఊళ్ళో ఎవరు నీళ్ళిచ్చారో ఎవరు కుక్కల్ని ఉసిగొల్పారో ఆవిడ చదువుతుంటే, గోడవైపు వరసలోని నా పిల్లలు చెవులు ప్లైవుడ్‌కి ఆనించేవారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, అలాగ. నాకు కడుపు మండిపోయేది. నా చేతి కింది పిల్లలు నా ఎదురుగానే కూర్చుని ఇంకొకరి పిల్లలైపోతున్నట్టుండేది.

ఉడుకుమోతుతనంతో ఒకరోజు నేనూ రింగ్ రోడ్డు దగ్గర ఫుట్‌పాత్ మీద ఒక కథల పుస్తకం వెతికి పట్టుకొచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక్క అక్షరం తప్పు పోకుండా చదివాను. పిల్లలు బుద్ధిగా విన్నారు. అయిపోయాక ముందు బెంచీ పిల్ల, ఎంతో మర్యాదగా, "టీచర్, గా టీచరమ్మ లెక్క సదువుండ్రి" అంది. ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక పడేశాను. మర్నాడే హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, అవతలి గదిలో అల్లరి వల్ల నా పాఠం సాగడం లేదని చెప్పాను. ఆ సంగతి తెలిసి ఆవిడ గోడ చివర నుంచి తల పెట్టి, "ఏంది టీచరమ్మా, నా సప్పుడు గంత ఎక్కువైతుందా? జర తగ్గించి సదువుతా తీ" అని నవ్వింది. కోపగించుకున్నా నాకు బాగుండేది.

కొన్నాళ్ళకు తనిఖీకి సాహెబ్ వచ్చారు. పెద్దమనిషే కానీ గుజరాతీవారు, తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేరు. మా బడుల్లో ఇది మామూలే కాబట్టి, పిల్లలు ఎంత గట్టిగా, ఎంత గడగడా చదివితే అంత చదువు వచ్చినట్టు. ముందు ఆవిడ గదికి వెళ్ళారు. పిల్లలు వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడగట్టి, నెమ్మదిగా నిజంగా చదివారు. సాహెబ్ ముఖం చిట్లించారు. నా గదికి వచ్చారు, ఆవిడా హెడ్మాస్టరుగారి వెనకే వచ్చి నిలబడింది. మగ్గాలు జోరుగా నడుస్తున్నాయి. నా ముందు బెంచీ పిల్ల లేచి, పుస్తకం తెరిచి, రెండో పాఠం ఊపిరి తీసుకోకుండా మోగించేసింది. "ఖూబ్ సరస!" అని మెచ్చుకున్నారు సాహెబ్.

పిల్ల తెరిచిన పేజీ ఆరో పాఠం.

ఆ గదిలో అది తెలిసిన పెద్దవాళ్ళం ఇద్దరమే, నేనూ, ఆవిడా. హెడ్మాస్టరుగారి కళ్ళు సాహెబ్ ముఖం మీదే ఉన్నాయి. ఆవిడ నా వైపు చూసింది, నేను కిటికీ వైపు చూశాను. సాహెబ్ వెళ్తూ వెళ్తూ, రేపటి నుంచి అవతలి గదిలోనూ ఇలాగే చెప్పించండని హుకుం జారీ చేశారు. నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది, చదవడం వాళ్ళకు వచ్చింది, మావాళ్ళకే రాలేదు అని. అనలేదు. అందరూ కదిలాక ఆవిడ ఆ పిల్ల దగ్గరికి వచ్చి, తల నిమిరి, పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పి రెండో పాఠం తీసిపెట్టి వెళ్ళిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ సాయంత్రం నేను దారిలో ఆగి, శనగపప్పు రుబ్బి ఆవిరి మీద వండే లోచో వేడివేడిగా కొనుక్కుని తిన్నాను, భలే రుచిగా కూడా అనిపించింది.

తర్వాతి కరెంటు సెలవు రోజున ఎప్పటిలా నా పిల్లలు చెవులు గోడకానించారు. అటునుంచీ మా గుణింతాలే వినిపించాయి. ముసలవ్వ ఏడో ఊళ్ళో, తాళం వేసిన ఇంటి లోపల తన మేక మెడలోని గంట చప్పుడు విని, తలుపు తట్టిన చోట కథ ఆగిపోయింది. "మేక దొర్కిందా టీచర్?" అని పిల్లలు నన్ను అడిగారు. నోరు మూసుకుని చదవండన్నాను. సంగతేమిటంటే, గోడకు చెవి ఆనించలేదన్న మాటే గానీ, నేనూ ఆ కథ వింటూనే ఉన్నాను. నాకూ తెలుసుకోవాలనే ఉంది. జూన్ వచ్చేసరికి ఆవిడను ఊరి చివర సచిన్ అనే పేట వైపు బడికి మార్చారు. కథ అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ గదుల్లో తెలుగు వినిపించదు. మా అపార్ట్‌మెంట్ పిల్లలు తమలో తాము గుజరాతీ, హిందీయే మాట్లాడుకుంటారని, మా కోడలే ఆదివారాలు కింద హాల్లో వాళ్ళకు తెలుగు చెబుతోంది. నా 'చేశాం' విని సంబరపడిపోయి, మొన్న ఆదివారం నన్ను వాళ్ళ మధ్య కూర్చోబెట్టింది. నేను ముసలవ్వ కథే చెప్పాను, తడబాటు లేకుండా, ఆవిడ విరుపులతోనే, తలుపు తట్టేదాకా. ఒక బుడతడు నా మోకాలు పట్టుకుని, "దాదీ, ఫిర్ క్యా హువా? మేక దొరికిందా?" అన్నాడు. వచ్చే ఆదివారం చెబుతానన్నాను. "మీరు ఎంత బాగా చెబుతారో అత్తయ్యా" అని కోడలు మెచ్చుకుంటుంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు అసూయే కలిగింది, ఆ మెప్పు నాది కానందుకు.

ఈ రోజుల్లో కథకు పది నిమిషాలని కాగితం మీద అచ్చువేసి మరీ ఇస్తున్నారు. అప్పుడు ఆవిడ ఆ పది నిమిషాలను ఎవరూ ఇవ్వకుండానే తెచ్చుకుంది, నేను నోరు విప్పక పోగొట్టాను. ఆవిడ ఫోను నంబరు పాత హెడ్మాస్టరుగారి అమ్మాయి దగ్గర తీసుకుని, రెండు రోజులుగా దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. మేక దొరికిందా అని అడగడం పెద్ద పనేమీ కాదు. కాకపోతే అది అడగాలంటే, ముందు ఆ ఆరో పాఠం సంగతి నా నోటితో నేను చెప్పాలి. ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది.