మూత తియ్యకముందే పోయిన బుక్క

నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. ధైర్యమెక్కువై కాదు. సిరిసిల్లల మా ఇంట్ల ఎనిమిది మందిమి, రెండు మగ్గాలు. దయ్యం నిలవడుటానికి జాగ ఏడిది? చీకట్ల బయటికి పోవద్దని మా అవ్వ బెదిరిస్తే, ఎదురైనదానికి ఒక తువ్వాల అమ్ముకోని వస్తనని పోయేటోన్ని. గసొంటోన్ని గీ ముచ్చట రాస్తున్న. చూసింది చూసినట్టు రాస్త. నవ్వొస్తే నవ్వుండ్రి, నేను గూడ మస్తు నవ్విన.

నాలుగో తరగతిల బడి ఇడిసిన. పంతులే తరిమిండని మా బాపు అంటడు, పంతులు ఏడ్చుకుంట సాగనంపిండని నేనంట. ఇంట్ల నేసిన తువ్వాలలు, చీరెలు మూటగట్టి ఊర్ల మీద అమ్ముడు నా పని. నిజాం రాజ్యం పోయిన కొత్తల సిరిసిల్లకెల్లి కరీంనగర్, ఆడికెల్లి పెద్దపల్లి, పెద్దపల్లిల రైలెక్కి ఆసిఫాబాద్ రోడ్డు టేషన్ల దిగుతుంటి. ఆసిఫాబాద్ల ఒకటి రెండు దినాలుండి ఎడ్లబండి మీద జైనూర్ దిక్కు అంగళ్లకు పోవుడు. ఒక్క తిరుగుడుకు పది పన్నెండు దినాలు పడుతుండె.

గా తిరుగుడుల నా కడుపు ఖరాబైంది. ఒకపారి అంగట్ల తిన్నది పడక కరీంనగర్ దవాఖానల నలభై దినాలు పన్న. ఎంత సన్నగైనంటే, చూడొచ్చిన మా మేనమామ మంచం ఖాళీగున్నదనుకోని వాపసు పోబోయిండు. డాక్టర్ నవ్వలే. కారం ముట్టద్దన్నడు, ఇంకోపారి గిట్లయితే తన చేతుల ఏం లేదన్నడు. గప్పుడు నా భార్య కడుపుతోని ఉన్నది. తిరగకుంటే ఇల్లు గడవది, తిరిగితే ఏడనో ఒకకాడ తినాలె. తిన్నది పడకుంటే ఇగ నేను ఇంటికి రాను. నా ఫికరంత గిదే.

ఆసిఫాబాద్ల కారం లేని కూర ఏడ దొరుకుతదని అడిగితే ఒకాయన నాకు దవాఖాన తొవ్వ చూపెట్టిండు. ఇంకొకాయన మాత్రం తుర్కీ హోటల్‌కు పో, ఆ దేశపోల్లు కారం తినరంట అన్నడు. చూస్తె బజార్ల ఒకటి కాదు, మూడు తుర్కీ హోటళ్లు. మూడింటి బోర్డు మీద నల్ల కుచ్చున్న ఎర్ర టోపీ బొమ్మ.

మొదటిదాంట్ల కూర టోపీ కంటె ఎర్రగున్నది. "తుర్కీల గింత కారం తింటరా?" అన్న. "ఆడ సలెక్కువ సేటూ" అన్నడు హోటలాయన. రెండోదాంట్ల మన పప్పే, ఒక ఇలాచి ఏసి తుర్కీ పప్పన్నడు. తినకుంట లేచిన.

మూడోది మజీదు ఎనుక గల్లీల, బోర్డు రంగు ఎల్సిపోయింది. లోపట పొయ్యికాడ నడీడు మనిషి తన వంట గంజుల బువ్వ తనే కూసోని తింటుండు. హోటలాయన తన హోటల్ల తింటున్నడంటే నాకు సగం ధైర్యమొచ్చింది. గాయనే జబ్బార్ భాయ్.

పెట్టింది చూసి నేను మనసుల మొక్కిన. శనగలేసిన తెల్లబువ్వ, మెత్తగ ఉడికిన మాంసం, ఎల్లిపాయ దంచి కలిపిన పెరుగు, గోబీగడ్డ ఆకుల చుట్టి ఉడకబెట్టిన బియ్యం ఖీమా. కారం పేరుకు లేదు. "అసలైతె ద్రాక్షాకుల చుట్టాలె. ఆసిఫాబాద్ల ద్రాక్షతోట నాటించు, చుట్టి పెడ్త" అన్నడు. హైదరాబాద్‌ల ఒక జాగీర్దారు దేవిడీ బంగ్లకు తుర్కీకెల్లి కోడలొస్తె, ఆమె ఎంబడి వంటాయన గూడ వచ్చిండంట. ఆయనకాడ జబ్బార్ భాయ్ పన్నెండేండ్లు పని నేర్సుకున్నడు. జాగీర్లు పోయినంక దేవిడీల పొయ్యి ఆరింది. భార్య ఊరని ఆసిఫాబాద్ వచ్చి హోటల్ పెట్టుకున్నడు.

గా దినం నా కడుపు సల్లగున్నది. గప్పటికెల్లి నాకు వేరే హోటల్ లేదు, జైనూర్ దిక్కు పోతె మూటల కట్టుకపోయిన ప్యాలాలే.

ఇగ అసలు ముచ్చట. భాయ్ మాంసం, బియ్యం గంజుల పొరలు పొరలుగ పరిచి, మూత బెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి మెత్తి, మూత మీద నిప్పులు పోసేటోడు. మధ్యాన్నం నమాజు చదువుకోనొచ్చి పిండి పగలగొట్టి మూత తీసేటోడు. తీసినప్పుడు పైన బువ్వ నున్నగుండాలె గదా? ఒక పక్కకు గుంట ఉండేది. ఒక చెమ్చా ఎత్తినంత గుంట. ఆయన గది చూసి "బిస్మిల్లా" అని వడ్డించేటోడు.

నాలుగైదు పార్లు చూసినంక అడిగిన. దేవిడీల జబ్బార్ భాయ్ మేనమామ ఒకాయన ఉండేటోడంట. ఏది వండినా జాగీర్దారు ముంగటికి పోకముందు ఒక చెమ్చా తిని విషం గిట్ల ఉన్నదా అని చూసుడే ఆయన నౌకరి. ఆయన తిని, జరసేపు మంచిగుంటెనే తినేకాడ పరిచిన దస్తర్‌ఖాను మీదికి పోవాలె. దేవిడీ పోయినా ఆయనకు అలవాటు పోలే. ఆసిఫాబాద్‌ల గూడ రోజు మొదటి చెమ్చా ఆయనదే. రెండేండ్లకు ముసలితనం మీదవడి పోయిండు. "ఆయన పోయిండు, చెమ్చా పోలే" అన్నడు జబ్బార్ భాయ్.

"నీ మామూ మంచిగున్నడు భాయ్, సచ్చినంక గూడ ఫికర్ లేకుంట తింటుండు. మా బాపుకు జెర చెప్పు, బతికుండంగనే తింటలేడు" అన్న.

"నవ్వు నర్సయ్యా, నవ్వు. నీ కడుపు నవ్వుతుందా లేదా, గది చెప్పు."

ఆవిరి బుడగకు గుంట పడుతదని నేను వాదించిన. కని బుడగ పగిలితే మెతుకులు చుట్టు పక్కలకు లేస్తయి. గీ గుంట అంచు కోసినట్టున్నది, కొన్నిపార్లు ఒక మాంసం ముక్క సగం తెగి ఉండేది. లేకుంటె పరదా ఎనుకకెల్లి భాయ్ భార్య తిని మూత పెడుతున్నదేమో అనుకున్న. చెప్పుటానికి సిగ్గైతది, కని అనుకున్న.

గందుకే ఒకనాడు పరీక్ష పెట్టిన. నా మూటల ఎర్ర నూలుండె. గంజు చుట్టూ, మూత అంచు కొక్కెంల నుంచి నాలుగు పేటలు తిప్పి, తెగిన పోగుకు మా సాలోల్లు ఏసే ముడి ఏసిన. చేయి తిరిగినోడు తప్ప ఇంకోడు ఏస్తె ఉబ్బుగ కనవడ్తది. దాని మీదికెల్లి పిండి నేనే మెత్తిన. మూత మీద నిప్పులు పోసిన సంది ఇప్పేదాక ముంగట కూసున్న. పట్టపగలు. బీడీకి గూడ లేవలే. భాయ్ నమాజుకు పోయొచ్చిండు, ఆయన భార్య లోపల బట్టలు పిండుతున్న సప్పుడు ఇనవడ్తనే ఉన్నది.

పిండి నేనే పగలగొట్టిన. ముడి నా ముడే. మూత తీసిన. ఎడమ పక్కకు గుంట.

గా దినం నేను నవ్వలే. కని తిన్న. మంచిగ తిన్న.

ఇంకొక్క దినం గురించి గూడ చెప్పాలె. వానకాలం. నేను రాత్రికెల్లి ఏం తినలే. టేకు కలప లారీలోల్లు ఏడెనిమిది మంది పళ్లాలు ముంగట బెట్టుకొని కూసున్నరు. భాయ్ మూత తీసిండు. ఆ వాసనకు నా ప్రాణం లేచొచ్చింది. బువ్వ నున్నగున్నది. గుంట లేదు.

భాయ్ మూత మల్ల పెట్టిండు. "ఇయ్యాల లేదు. మాఫ్ చెయ్యుండ్రి" అన్నడు.

లొల్లి లొల్లైంది. "గంజు నిండుగ కనవడ్తుంటె లేదంటవేందయ్యా? మేం మనుషుల లెక్క కనవడ్తలేమా?" అని ఒక డ్రైవర్ మీది మీదికొచ్చిండు. నాకూ కోపమే. "మామూకు ఇయ్యాల ఉపాసమేమో భాయ్, మేం ఉపాసం లేం గదా!" అన్న. ఆయన గంజు ఎత్తుకపోయి ఎనుక గుంత తవ్విండు. నేను ఎంబడివడి పోయి, పూడ్చకముందు ఒక ముద్ద తీసిన. వాసన చూసిన, ఏం తేడా లేదు. నోటికాడి దాక తెచ్చిన. గప్పుడు దవాఖాన మంచం యాదికొచ్చి ముద్ద గుంతల్నే ఏసిన.

దాంట్ల విషమున్నదో అమృతమున్నదో నాకు తెల్వది, ఎవరూ తినలే. గా రాత్రి ఊర్ల ఎవరికీ ఏం కాలే గూడ. సాక్ష్యం చెప్పేటోన్ని గనుక నాకు పనికిరానిది గూడ చెప్తున్న. నేను ప్యాలాలు నమిలి పన్న.

గట్ల ఆరేడేండ్లు గడిసినయి. నాకు ఇద్దరు బిడ్డలు. కడుపు మల్ల ఒక్కపారి గూడ మొరాయించలే.

ఒక సలికాలం పోయేసరికి పొయ్యికాడ భాయ్ లేడు. ఎన్నడు పరదా దాటి రాని ఆయన భార్య కూసోని ఉన్నది.

"భాభీ, భాయ్ ఏడి?"

"పోయిండు తమ్మీ. జరం వచ్చింది, నాలుగు దినాలే. నలభై దినాలు నిన్నటితోని అయినయి."

మూట దించి ఆడ్నే కూసున్న.  

గంజు నిప్పుల మీదున్నది. ఆయన పోయినంక ఆమె వండిన మొదటి వంట గది. ఎదురుంగ కూసోని చూస్తున్నది, ముడుతలేదు. "నువ్వే ఇప్పు తమ్మీ.  దాంట్ల గుంట లేకుంటె ఇయ్యాల్నే హోటల్ బందు వెడ్త. నేను వండింది తిని ఎవరికన్న ఏమన్న అయితె నేను బతకను."

ఆమెకు ఇంకో ఆధారం లేదు. నాకు ఇంకో హోటల్ లేదు. ఇద్దరం గంజు దిక్కే చూసినం. గుంట లేకున్నా ఉన్నదని అబద్ధమాడుదామా అని నా మనసుల వచ్చింది. కని తినాల్సింది నేనే గదా.

నిప్పులు దులిపిన. పిండి కట్టెలెక్క గట్టిగైంది, రాయితోని కొట్టి పగలగొట్టిన. ఏడా పగులు లేకుండె. మూత తీసిన. ఆవిరి మొకానికి కొట్టింది, జరసేపు ఏం కనవడలే.

తర్వాత కనవడ్డయి. ఒకటి కాదు, రెండు. ఎడమ పక్కకు ఎప్పటి చిన్న గుంట. దాని పక్కపొంటి ఇంకోటి, దానికి రెండింతలుంటది.

ఆమె వంగి చూసింది. కొంగు నోట్ల కుక్కుకున్నది. ఏడుస్తుందనుకున్న, నవ్వుతుంది. కండ్లల్ల నీళ్లు కారుతనే ఉన్నయి, నవ్వుతనే ఉన్నది.

"చూసినవా తమ్మీ? మీ భాయ్ బతికున్నప్పుడు గూడ గింతే. పెద్ద పెద్ద బుక్కలు పెట్టకు, జనానికి చాలదు అని రోజు మొత్తుకునేదాన్ని."

గా పిండి మెత్తింది ఆమె, పగలగొట్టింది నేను. నడుమ ఎవరు ముట్టిండ్రో, ఎట్ల ముట్టిండ్రో ఇయ్యాల్టికి నాకు తెల్వది. దయ్యాలను నమ్ముతవా అని నన్నడిగితె ఇప్పుడు గూడ లేదనే చెప్త. కని గా మధ్యాన్నం నేను ఇంకేం అడగలే. పళ్లెం కడుక్కోని, గా రెండు గుంటల పక్కకెల్లే నిండ పెట్టించుకోని తిన్న.