నౌరూజ్ అలీ కాలి పుండు

ఖర్జూరపు తోటలకు పేరుపడ్డ బమ్ ఊరి బజారులో టూబా ఖానమ్ మూలికల కొట్టు మా బట్టల కొట్టుకు ఎదురుగా ఉండేది. తండ్రి పోయాక ముప్పై ఏళ్లు ఆవిడే నడిపింది. గాయాలకు ఆవిడ మందంటే ఊళ్లో గురి. ముందు పథ్యం చెప్పేది; ఒప్పుకోనివాడికి పొట్లం కట్టేది కాదు.

ఒక ఏడు కోతల్లో నౌరూజ్ అలీ అరికాల్లో ఖర్జూరపు ముల్లు దిగింది. అరవై ఏళ్లొచ్చినా చెట్లెక్కడమే అతని పని. రెండు వారాలైనా పుండు మానక కుంటుతూ వచ్చాడు. టూబా బర్హంగ్ ఆకు కాచిన నీళ్లతో కడిగి, తేనె రాసి కట్టు కట్టింది.

“వంకాయ, ఊరగాయ, పెద్దమాంసం ముట్టకు. బార్లీ జావ, కోడిపిల్ల చారు తాగు. ఖర్జూరం అసలొద్దు, వేడి.”

“బమ్‌లో పుట్టినవాణ్ణి ఖర్జూరం మానెయ్యమంటావా చెల్లెమ్మా? ఊపిరి కూడా మానెయ్యనా?”

“మానేస్తే నాకు కట్లు కట్టే పని తప్పుతుంది.”

వారం తర్వాత కట్టు విప్పి పుండు అంచు గట్టిగా నొక్కింది. అతను కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

“నొప్పి లేదూ?”

“చీమ కుట్టినట్టైనా లేదు. నీ మందు పనిచేస్తోంది.”

ఆవిడ తేనె సీసాకు మూత పెట్టేసింది. “ఇది నా వల్ల కాదన్నా. నొక్కినా నొప్పి తెలీని పుండు మంచిది కాదు. రేపే ఆస్పత్రికెళ్లి రక్తంలో చక్కెర చూపించుకో.”

నౌరూజ్ మొహం మాడిపోయింది. “మీ నాన్నయితే ఇలా చేతులెత్తేసేవాడా?” అని నలుగురూ వినేలా అనేసి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం మా కొట్లో టీ తాగుతూ టూబా అంది: “నాన్న దగ్గరికీ ఇలాంటి కాలే వచ్చింది తమ్ముడూ. నలభై రోజులు బోళం పొడి అద్దాడు. చివరికి ఆ మనిషిని పూడ్చిపెట్టాం. నాన్నకి మందులు తెలుసు, చక్కెర సంగతి తెలీదు.”

పదిరోజులకు నౌరూజ్ భార్య సల్తనత్ ఏడుస్తూ వచ్చింది. కాలివేళ్లు నల్లబడ్డాయట, జ్వరమట, ఆస్పత్రికి రానంటున్నాడట. టూబా కొట్టు మూసి నాచేత కారు తీయించింది.

మమ్మల్ని చూసి నౌరూజ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“లేస్తావా, దుప్పట్లో చుట్టి మోసుకెళ్లమంటావా? బజారంతా చూస్తుంది మరి!” అంది టూబా.

లేచాడు. ఆస్పత్రిలో డాక్టరు రెండు వేళ్లు తీసేశాడు, పాదం దక్కింది. పుండు మీద ఏదీ రాయొద్దని డాక్టరు టూబాకు గట్టిగా చెప్పాడు.

“కట్టు మీది. వంట మాత్రం నాకొదిలెయ్యండి,” అంది ఆవిడ. ఆయన ఆవిడ రాసిచ్చిన పథ్యం జాబితా చదివి, తేనె ఒక్కటి కొట్టేసి ఇచ్చాడు.

రెండు నెలలు రోజూ కోడిపిల్ల చారో, గంగవాయిలి కూర వేసిన బార్లీ జావో గిన్నెలో పట్టుకెళ్లింది. పుండు మానింది. నౌరూజ్ మళ్లీ చెట్టెక్కలేదు. కింద కూర్చుని పళ్లు ఏరేవాడు. ఆనాటి మాటకు తప్పయిందనీ అనలేదు. కానీ తోటలో ఎవరికి దెబ్బ తగిలినా, “టూబా దగ్గరికెళ్లు. తిట్టి ఆస్పత్రికి తరుముతుంది. అయినా వెళ్లు,” అనేవాడు.

ఆ మాట నేను చెబితే, “నేనెప్పుడు తిట్టాను?” అని నొచ్చుకుంది టూబా.