నాలుగు మాత్రల లెక్క

ఆరేళ్ళ నాలుగు నెలలుగా ఒక తప్పుడు అంకెను మోస్తున్నాను. నోట్‌బుక్కులో దాని మీద కొట్టివేత లేదు, పక్కన దిద్దుబాటు లేదు. నా చేతిరాతే. గుండ్రంగా, అందంగా ఉంటుంది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆత్మకూరులో అంగన్‌వాడీ టీచరుగా పనిచేశాను. పిల్లల బరువులు, గుడ్లు, టీకాల తేదీలు, ఏ రోజువి ఆ రోజే రాసేదాన్ని. అందుకే మా ఆయనకు నోటి క్యాన్సర్ ముదిరి మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టినప్పుడు, వనపర్తి దవాఖాన నుంచి ఇంటికొచ్చి చూసే నర్సమ్మ లెక్క నాకే అప్పగించింది. నాలుగు గంటలకొకటి. వేసిన వేళ, మిగిలిన సంఖ్య రాయాలి. ఓర్చుకోమని ఆపకూడదు, మన ఇష్టానికి పెంచకూడదు. ఇది ఆయన ఒంటికి కొంచెం కొంచెంగా అలవాటు చేసిన మోతాదు, ఇంకెవరికీ ఇవ్వకూడదు. కల్లు తాగేవాళ్ళకైతే అసలే వద్దు, ఊపిరి మందగిస్తుంది. మిగిలినవి తిరిగి ఇచ్చేయాలి.

అన్నీ రాసుకున్నాను. ఆ మాత్రల వల్లే ఆయన చివరి ఐదు నెలలు నిద్రపోగలిగారు, జావ తాగగలిగారు. మందును తప్పుపట్టను. అది ముందే చెప్పాలి.

ఆయన మార్చి పదకొండు, సోమవారం పోయారు. డబ్బాలో ఇరవై ఆరు మాత్రలు మిగిలాయి.

ఆయన చెల్లెలు బాలమ్మది మా పక్కిల్లే. భర్త లేడు. ఒక్క కూతురు సరోజను మల్దకల్‌లో ఇచ్చింది. దినాల వంటకు బిందెలు మోస్తూ బాలమ్మ జారిపడింది. నడుము పట్టేసింది. రెండు రోజులు గోడ అవతల ఆమె మూలుగు వింటూ కూర్చున్నాను. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు గోడ పట్టుకుని తనే వచ్చింది.

“అన్నకు యేసిన గోలీలు ఉన్నయి గద వదినె. నాకియ్యరాదు?”

“ఎవ్వలకు ఇయ్యొద్దన్నరు.”

“ఎవరు, నర్సమ్మనా? నడుము ఆమెది విరిగిందా, నాది విరిగిందా?” నవ్వబోయి నొప్పికి ఆగిపోయింది. “పోరగాళ్ళకు గుడ్లు లెక్కవెట్టినట్టు నాకు లెక్కవెట్టకు వదినె. అన్నకైతే ఇగ అక్కర లేదు గద.”

నాలుగు మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చాను. ఇప్పుడు రెండు, పొద్దుగూకినంక రెండు వేసుకోమన్నాను, నేనేదో డాక్టరునైనట్టు.

బాలమ్మ రోజూ సాయంత్రం ఒక సీసా కల్లు తాగుతుంది. తాగకపోతే చేతులు వణుకుతాయి. మా వైపు కల్లులో నిద్రమత్తు మందు కలుపుతారని తెలియనివాళ్ళు లేరు. ఇయ్యాల తాగకు అనే మాట నా నాలుక దాకా వచ్చింది. అనలేదు. ఎందుకు అనలేదు? అంటే అది నర్సమ్మ మాట అవుతుంది, ఆ మాట కాదని ఇస్తున్నానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. అంతేనా? ఆమె మీద జాలితో ఇచ్చానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మాత్రలు రాకముందు నెలల తరబడి ఒక మనిషి మూలుగు విన్న చెవులకు ఇంకో మూలుగు వద్దనిపించిందేమో, నాకు కావలసింది ఆమెకు నెమ్మది కాదు, ఆ గోడ అవతల నిశ్శబ్దమేమో. ఇప్పటికీ తేల్చుకోలేదు.

శనివారం ఉదయం ఆరింటికి చాయ్ పట్టుకుని వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్ళు చల్లబడింది. చాప పక్కన ఖాళీ సీసా. దాని కింద నేనిచ్చిన కాగితం, అదీ ఖాళీయే. ఎవరినీ పిలవకముందే ఆ కాగితం తీసి రొంటిన దోపుకున్నాను. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

నిద్రలోనే పోయింది, అన్న వెనకే పోయింది అన్నారందరూ. ఎవరూ ఏమీ అడగలేదు. సరోజ నా ఒళ్ళో తలపెట్టి, “మా అమ్మ బాధవడకుంట పోయింది అత్తా” అంది. తలూపాను.

ఆదివారం నోట్‌బుక్కు తెరిచి, ఆయన చివరి రోజున ఖాళీగా ఉన్న గడిలో నాలుగు అని రాశాను. ఆ రోజు ఆయనకు మంచినీళ్ళు కూడా గొంతు దిగలేదు. సోమవారం నర్సమ్మ వచ్చి మాత్రలు ఎంచింది. ఇరవై రెండు. లెక్క సరిపోయింది. ఇంత సక్కగా రాసేటోళ్ళను చూడలేదమ్మా అని, మిగతా ఇళ్ళలో చూపించడానికి ఆ పేజీ ఫోటో తీసుకుంది.

ఆ మాత్రలే చంపాయా? కల్లొక్కటే చంపిందా? తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

పోయిన నెల సరోజ వచ్చింది. నా మోకాళ్ళు చూసి సంచిలోంచి మందుల అట్ట తీసింది. భర్త కాలి ఆపరేషన్‌కు ఇచ్చిన నొప్పి మాత్రలట. “మిగిలినయి అత్తా, పారేయబుద్ధి కాలే. ఒకటేసుకో.” అచ్చంగా తల్లి చేతులే. వద్దు, దవాఖానలో ఇచ్చేయమన్నాను. ఏమైతది అత్తా అని నవ్వింది. చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. అట్ట మళ్ళీ సంచిలోకి పోయింది. ఇప్పుడు అది ఎవరింట్లో ఉందో తెలియదు.

అందుకే ఇది రాశాను. మొదట, ముక్కూమొహం తెలియకుండా ఇది చదివే మీకు. రేపు పొద్దున బస్సుకు మల్దకల్ పోతాను, సరోజకు ఈ కాగితాలతో పాటు నోట్‌బుక్కు కూడా ఇస్తాను. ఆమె నన్ను ఏమన్నా అనవచ్చు. ఇక అత్తా అని పిలవకపోవచ్చు.

ఇందాకే ఆ పేజీ తీసి, పాత అంకె మీద ఒక్క గీత గీశాను. కింద దిద్దాను: ఆయనకు, సున్నా. బాలమ్మకు, నాలుగు. ఇచ్చింది నేను.